ఎనభై అయిదో ఉత్తరం

పోయిన వారం పెట్రొనీలాని ఆమె సొంత వాకిట్లోనే, మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి వదిలివచ్చాం. మరిది ఫెర్మీన్ ఆమె నడుముకున్న తాళాల గుత్తిని తెంపి లాక్కున్నాడు. గుత్తితో పాటు పావడా నడుము అంచు కూడా చిరిగింది. ఆ చిరుగుని ఒక చేత్తో పట్టుకుని ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఆమె మీద మోపింది చిన్న నేరం కాదు. పొతోసి నుంచి బ్యూనస్ ఐరిస్ పోయే రాజుగారి టపా సంచికి నిన్న ఆమె నడిపే దోస్ పోసోస్ మజిలీలోనే గుర్రం మార్చారు. ఎనిమిది కోసుల అవతల తర్వాతి మజిలీలో దించి చూస్తే, సంచి తోలుపట్టీ సగానికి కోసి ఉంది. అదే మజిలీలో బస చేసి ఉన్న తనిఖీ దొర ఇలారియో కెసాదా ఆ సంచినీ, దాన్ని తెచ్చిన టపా రౌతు బల్తసార్‌నీ వెంటబెట్టుకుని వెనక్కి తిరిగి వచ్చాడు. ఆయన వెనకే ఫెర్మీన్, నలుగురు తుపాకీ మనుషులు.

కిందటేడు వరదల్లో ఇంకో సంచి పోయింది. దుల్సే ఏరు దాటుతూ లియాంద్రో విల్తే అనే టపా రౌతు సంచితో సహా కొట్టుకుపోయాడని చెప్పారు. ఏరు పొంగుతున్నా దాటించాడని మజిలీదారు అన్సెల్మోని, అంటే పెట్రొనీలా భర్తని, సంకెళ్ళు వేసి మాంటెవిడియో కోటకి పంపారు. అప్పటినుంచి మజిలీ ఆమె చేతిలో ఉంది. ఇప్పుడు ఆమె చేతిలోనూ ఒక సంచి చెడింది.

ఇంకొక్క సంగతి. పెట్రొనీలాకి చదవడం వచ్చని మనకి తెలుసు. ఆ వాకిట్లో మాత్రం ఆమె దగ్గర పాతికేళ్ళుగా గుర్రాలు చూసే సిరియాకోకి తప్ప ఎవరికీ తెలియదు. మజిలీ తలుపు పక్కన మేకులు కొట్టి తగిలించిన టపా నిబంధనల కాగితాన్ని వచ్చేపోయే రౌతులందరిచేతా చదివించుకుని, అది నోటికి వచ్చాక, ఒక్కొక్క మాట మీదా వేలు పెట్టుకుంటూ ఆమె అక్షరాలు పట్టుకుంది. దానికి రెండేళ్ళు పట్టింది.

అల్గరోబో చెట్టు నీడలో కెసాదా తన వెంట తెచ్చుకున్న కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పక్కన బల్ల, బల్ల ముందు గుమాస్తా, గుమాస్తా ముందు కాగితాలు, వాటి మీద ఎగిరిపోకుండా రాళ్ళు. ఉత్తరం నుంచి వేడిగాలి వీస్తోంది. నేల మీది తెల్లటి ఉప్పు దుమ్ము లేచి కళ్ళలో పడుతోంది. సిరియాకో 'మాటే' అనే ఆకుతో టీ కలిపి తెచ్చి దొర ముందు పట్టుకున్నాడు.

కెసాదా దానివంక కూడా చూడలేదు. "నేరం చేసినవాళ్ళ ఇంట్లో నేనేమీ తాగను" అన్నాడు.

"నేరం చేశానని ఇంకా రాయలేదుగా దొరా," అంది పెట్రొనీలా. "మీ గుమాస్తా కలం ఇంకా సిరాలో ముంచనే లేదు. తాగి రాయించండి, రాయించి తాగండి, మీ ఇష్టం. చల్లారిపోతే మాత్రం బాగోదు."

తుపాకీ మనుషుల్లో ఒకడు పళ్ళు బయటపెట్టాడు. ఫెర్మీన్ వాణ్ణి ఒక చూపు చూశాడు.

"వదినా, నోరు కొంచెం తగ్గించుకో" అన్నాడు ఫెర్మీన్. పొడుగాటి మనిషి. అన్నలాగే చెవులు కొంచెం బయటికి ఉంటాయి. ఆ చెవులు చూసినప్పుడల్లా పెట్రొనీలా చూపు పక్కకి తిప్పుకుంటుంది. "రాజు సంచి తెరిచినవాళ్ళకి ఏం చేస్తారో తెలుసుగా? నడివీధిలో కొరడా దెబ్బలు. ఆ తర్వాత పదేళ్ళు జైలు. నేను దొరగారి కాళ్ళు పట్టుకుని బతిమాలాను. ఆడమనిషి, మా అన్న పెళ్ళాం, బుద్ధి గడ్డి తిని చేసింది అని. మజిలీ పట్టా నా పేర వదిలేసి, నువ్వు మీ అక్కగారింటికి సాంతియాగో వెళ్ళిపో. అంతటితో పోతుంది."

"నీ కొడుకులిద్దరి పేర్లూ అడవి తెగల మీదికి పోయే చాకో కోట పటాలం జాబితాలో ఎక్కాయట కదా ఫెర్మీనూ?"

ఫెర్మీన్ ముఖం నల్లబడింది. "దానికీ దీనికీ సంబంధం ఏంటి?"

"నీకే తెలియాలి. మజిలీదారు ఇంటి మగాళ్ళని పటాలానికి పట్టుకెళ్ళకూడదు. మజిలీలో గుర్రాలు తోలేవాళ్ళనీ పట్టుకెళ్ళకూడదు. పట్టా నీ చేతికొస్తే నీ కొడుకులు ఇంట్లో ఉంటారు. నువ్వు పనిలోంచి తీసేసిన నా సిరియాకో, వాడి తమ్ముళ్ళు ముగ్గురూ కోటకి పోతారు. అంతేగా?"

"వాళ్ళు పోతే ఏం? కన్ను సరిగ్గా కనపడని వాడు కూడా బాణం తగిలితే చస్తాడు" అన్నాడు ఫెర్మీన్. అతని మనుషులు నవ్వారు.

సిరియాకోకి ఎడమ కంట్లో పువ్వుంది. అతను తన భాషలో, కిచ్వాలో, నేలకేసి చూస్తూ ఏదో గొణిగాడు. ఫెర్మీన్‌కి ఆ భాష బాగా తెలుసు. ముందుకి అడుగు వేశాడు.

"ఏంట్రా అన్నావ్?"

"గుర్రంతో మాట్లాడుతున్నానయ్యా" అన్నాడు సిరియాకో. దగ్గర్లో గుర్రం లేదు.

కెసాదా బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. ఆయన గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఎత్తాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు. "బల్తసార్, నువ్వు చూసింది చెప్పు."

బల్తసార్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. రెండు రోజులుగా నిద్రలేని కళ్ళు. "సంచి ఈ మజిలీకి వచ్చేటప్పటికి బాగానే ఉంది దొరా. ఇక్కడ గుర్రం మార్చాను. ఆ తర్వాత చూస్తే పట్టీ తెగి ఉంది. దేవుడి సాక్షిగా నాకింతే తెలుసు."

"రాసుకో" అన్నాడు కెసాదా గుమాస్తాతో.

"ఒక్క మాట అడగొచ్చా?" అంది పెట్రొనీలా. ఎవరూ ఒప్పుకోకముందే రౌతు వైపు తిరిగింది. "బల్తసార్, సంచి మీద పచ్చితోలు కప్పు ఉంటుంది కదా. నిన్న నా దగ్గర ఆ కప్పు విప్పావా?"

"లేదమ్మా. ఎందుకు విప్పుతాను?"

"కప్పు విప్పకుండా లోపల పట్టీ బాగానే ఉందని ఎలా చూశావు బాబూ? నీ కళ్ళు తోలులోంచి కూడా చూస్తాయా?"

బల్తసార్ నోరు తెరిచాడు. టోపీ అంచుని వేళ్ళతో నలపడం మొదలుపెట్టాడు.

"సాక్షిని బెదిరించకు" అన్నాడు కెసాదా.

"బెదిరించడానికి నా దగ్గర ఏముంది దొరా? తాళాలు కూడా మా మరిది లాక్కున్నాడు."

అప్పుడు ఆమె కళ్ళు బల్ల మీది కాగితాల మీద పడ్డాయి. రాయి కింద ఒక మందపాటి కాగితం ఉంది. పైన రాజముద్ర, కింద గుండ్రటి అక్షరాలు. చదవడం రానివాళ్ళు అక్షరాలకేసి ఎలా చూస్తారో ఆమెకి తెలుసు. ఏళ్ళ తరబడి అలాగే చూసింది కనుక ఇప్పుడూ అలాగే చూసింది. 'దోస్ పోసోస్ మజిలీదారుగా ఫెర్మీన్ ఇబార్రా' అని ఉంది అక్కడ. సిరా ఎప్పుడో ఆరిపోయింది. తారీఖు నాలుగు రోజుల కిందటిది. అంటే సంచి పట్టీ తెగకముందే ఆ పట్టా తయారై ఉంది, తెగిన పట్టీ వాళ్ళకి దొరికిన సాకు మాత్రమే.

ఆమె చిరుగుని ఇంకా గట్టిగా పట్టుకుంది. విచారణ అంటూ ఏమీ జరగడం లేదు. ముందే రాసేసిన దాన్ని ఆమె నోటితో ఒప్పించడానికి వచ్చారు. ఏడ్చినా, కాళ్ళ మీద పడినా ఆ సిరా చెరిగేది కాదు. మిగిలింది ఒకటే దారి. వాళ్ళ చట్టాన్నే వాళ్ళ ముందు పెట్టడం.

"దొరా, ఇరవై ఏడో నిబంధన" అంది.

కెసాదా కనుబొమలు కొంచెం లేచాయి. "ఏంటీ?"

"'దారిలో సంచికి గానీ, పట్టీకి గానీ, ముద్రకి గానీ చెరుపు కనపడితే, అందుబాటులో ఉన్న టపా అధికారి ఇద్దరు సాక్షుల ఎదుట సంచి విప్పించి, లోపలి ఉత్తరాలని వెంటవచ్చిన జాబితాతో లెక్క సరిచూడవలెను. సరిచూసేవరకు ఎవరినీ దోషి అనరాదు.' మీరు సంతకం పెట్టి పంపిన కాగితమే. మా తలుపు పక్కన ఉంది. కావాలంటే చూసుకోండి."

గుమాస్తా అప్రయత్నంగా తన దగ్గరున్న పుస్తకం తిప్పాడు. ఇరవై ఏడో నిబంధన దగ్గర ఆగి తలెత్తి, "అక్షరం పొల్లుపోలేదు దొరా" అన్నాడు. ఎందుకు అన్నానా అన్నట్టు మళ్ళీ తల దించుకున్నాడు.

"చిలకపలుకులు" అన్నాడు ఫెర్మీన్. "దారినపోయే ప్రతి రౌతునీ కూర్చోబెట్టి చదివించుకునేది. చదవడం రాకపోతేనేం, వినడానికి చెవులున్నాయిగా! దొరగారూ, దీని మాటలకి మనం ఎండలో మాడిపోవడం ఎందుకు?"

కెసాదా వాకిలంతా ఒకసారి చూశాడు. చుట్టూ తొమ్మిది మంది ఉన్నారు, తొమ్మిది మందీ విన్నారు. ఆయన చిన్నగా నవ్వాడు. "రాజుగారి చట్టం రాజుగారి చట్టమే. విప్పండి."

సంచిని బల్ల మీద పెట్టారు. కత్తితో కోసిన చోట తోలు అంచు తేటగా కనిపిస్తోంది. చెయ్యి దూరేంత సందు. గుమాస్తా తాళం తీసి ఉత్తరాలు కట్టలు కట్టలుగా బయటపెట్టాడు. జాబితాలో ఎనభై నాలుగు అని ఉంది. కెసాదా ఒకటి, సిరియాకో ఒకటి పట్టుకుని చూపిస్తుంటే గుమాస్తా పైకి లెక్కపెట్టాడు. దుమ్ము రేగినప్పుడల్లా అందరూ ఉత్తరాల మీదికి వంగి చేతులు అడ్డం పెట్టారు. అప్పటిదాకా ఒకరినొకరు కరవడానికి చూసినవాళ్ళు ఆ క్షణాల్లో మాత్రం ఒకే పని చేశారు.

"ఎనభై రెండు. ఎనభై మూడు. ఎనభై నాలుగు" అన్నాడు గుమాస్తా. ఫెర్మీన్ పెదవి కొరుక్కున్నాడు. ఒక్కటైనా పోయి ఉంటుందని అతను ఆశపడ్డాడు.

సిరియాకో సంచి అడుగున చెయ్యి పెట్టి ఇంకొకటి తీశాడు. "ఎనభై అయిదు" అన్నాడు.

గుమాస్తా వేలు జాబితా చివరి వరస మీదే ఆగింది.

ఆ ఉత్తరం మిగతావాటిలా లేదు. కాగితం మురికిగా ఉంది. బయల్దేరిన ఊరి సిరా ముద్ర దాని మీద లేదు. ఎర్ర లక్కకి బదులు అడవి తేనెపట్టు నల్ల మైనం, దాని మీద ఎవరిదో బొటనవేలి గుర్తు. గుమాస్తా దాన్ని వెలుతురుకి పట్టుకుని చిరునామా చదివాడు. "దోస్ పోసోస్ మజిలీ. పెట్రొనీలా కాంట్రెరాస్ గారికి. ఆమె చేతికే ఇవ్వవలెను."

"పట్టీ కోసినవాడు ఏమీ తియ్యలేదు దొరా" అంది పెట్రొనీలా నెమ్మదిగా. "లోపల వేశాడు."

"దొంగ ఉత్తరం!" ఫెర్మీన్ చెయ్యి చాచాడు. "ముద్ర లేదు, జాబితాలో లేదు. పొయ్యిలో పడేయండి."

"తొమ్మిదో నిబంధన" అంది ఆమె. "'మూసి ఉన్న ఉత్తరం పైన ఎవరి పేరుంటే వారిది. దానిని మరొకరు తెరిచినా, తగలబెట్టినా, ఆ మరొకరు అధికారే అయినా, శిక్ష ఒక్కటే.' మళ్ళీ చెప్పనా, చూపించనా?"

కెసాదా ఆ ఉత్తరాన్ని గుమాస్తా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మైనం మీది వేలిముద్రని గోటితో తడిమి చూశాడు. తర్వాత ఆమెకి అందించాడు. "తీసుకోమ్మా. చట్టం బాగా నేర్చుకున్నావు. చదివి పెట్టేవాళ్ళు కావాలిగా మరి? ఎవరితో చదివిస్తావు?"

పెట్రొనీలా మైనం పగలగొట్టింది. కాగితం రెండు వైపులా నిండా రాసి ఉంది. చేతిరాత వంకరటింకరగా ఉంది. అచ్చు అక్షరాలంత తేలిగ్గా లేదు. ఒక్కొక్క మాటా పట్టుకోవాల్సి వచ్చింది.

"తిన్నగానే పట్టుకుందిరోయ్!" అన్నాడు ఫెర్మీన్. "తలకిందులుగా పట్టుకుంటుందనుకున్నా." నలుగురూ విరగబడి నవ్వారు.

ఆ నవ్వుల మధ్య ఆమె మొదటి నాలుగు వరసలు చదువుకుంది. నాలుగో వరసలో అన్సెల్మో పేరు కనపడింది. ఇంకా చదవాలని ప్రాణం కొట్టుకుంది. కానీ ఎక్కువసేపు చూస్తే అనుమానం వస్తుంది. ఆమె ముఖంలోకి ఏమీ రానివ్వకుండా తల ఎత్తింది.

"ఫెర్మీనూ, నువ్వే చదివి పెట్టు."

ఫెర్మీన్ బిత్తరపోయాడు. "నేనా?"

"ఈ వాకిట్లో నాకు చుట్టానివి నువ్వొక్కడివే కదా. ఇంటి సంగతులు ఏమైనా ఉంటే పరాయివాళ్ళ నోట వినడం దేనికి? గట్టిగా చదువు. గుమాస్తాగారూ, ఆయన చదివింది చదివినట్టు రాసుకోండి. రేపు ఎవరూ మాట మార్చకుండా."

కెసాదా చేత్తో రాయమని సైగ చేశాడు. ఆయనకి ఇది వినోదంగా ఉన్నట్టుంది.

ఫెర్మీన్ కాగితం తీసుకుని పెదవులు కదుపుతూ మొదలుపెట్టాడు. రెండో వరస దగ్గర పెదవులు ఆగాయి. మెడ మీద నరం ఒకటి లేచి కొట్టుకుంది. నుదుటి మీద చెమట అప్పటికే ఉంది, అది ఇప్పుడు కనుబొమల్లోకి జారింది. పెట్రొనీలా అతని ముఖాన్నే చూస్తోంది. తన జీవితంలో ఏ మనిషి ముఖాన్నీ అంత శ్రద్ధగా చూసి ఉండదు.

"ఊఁ, చదువు."

"ఇది... మీ అక్క రాయించింది" అన్నాడు ఫెర్మీన్. "'చెల్లెలు పెట్రొనీలాకి. మేం అందరం బాగానే ఉన్నాం. మేకలు ఈనాయి. మూడు పిల్లలు. వానలు... వానలు తగ్గాక ఒకసారి రా.' అంతే. ఇంకేం లేదు. ఈ మాత్రం దానికి రాజు సంచి కోశారు! మీ వాళ్ళ తెలివి ఇంతే."

"ఇంకొక్కసారి చదువు నాయనా. అక్క మాట విని ఎన్నాళ్ళయిందో."

"విన్నావుగా!"

"ఒక్కసారి."

ఫెర్మీన్ కాగితం మీదికి చూశాడు గానీ కళ్ళు దాని మీద నిలవలేదు. "'చెల్లెలు పెట్రొనీలాకి. మేం బాగున్నాం. వానలు తగ్గాయి. మేకలు ఈనాయి, అయిదు పిల్లలు...'"

"ఇందాక మూడేగా?" అంది పెట్రొనీలా. "మళ్ళీ చదివేలోపే ఇంకో రెండు ఈనాయా?"

ఈసారి నవ్వింది బల్తసార్. ఆపుకోలేక నవ్వి, వెంటనే టోపీ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె రెండు అంగల్లో ఫెర్మీన్ దగ్గరికి వెళ్ళి అతని చేతిలోంచి కాగితం లాక్కుంది. అతను ఊహించలేదు కనుక వదిలేశాడు. ఆమె వెనక్కి నడిచి, సిరియాకో పక్కన నిలబడి, కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"'పెట్రొనీలా అమ్మగారికి'" అని గట్టిగా మొదలుపెట్టింది. "'లియాంద్రో విల్తే సొంత చేత్తో రాస్తున్నది. నేను చావలేదు.'"

తుపాకీ మనుషుల్లో ఒకడు శిలువ గుర్తు వేసుకున్నాడు. ఫెర్మీన్ ఆమెకేసి చూస్తున్నాడు. ఆ చూపులో ఉత్తరం సంగతి కంటే ముందు ఇంకోటి ఉంది. ఇది చదువుతోంది! ఇన్నాళ్ళూ నా ఎదురుగా, నేను మాట్లాడే ప్రతి మాటా వింటూ, నేను బల్ల మీద పెట్టిన ప్రతి కాగితం చూస్తూ, ఇది చదువుతోంది!

ఆమె తడుముకుంటూ, కొన్ని మాటలు రెండుసార్లు పలుకుతూ చదివింది. అయినా ఆగలేదు. "'ఏరు నన్ను తీసుకోలేదు. ఆ రోజు మీ ఆయన అన్సెల్మో నన్ను దాటొద్దన్నాడు. కళ్ళెం పట్టుకుని మరీ ఆపాడు. నేను ఆయన మాట విని దిగువ రేవు దగ్గర పొదల్లో ఆగాను. అక్కడికి మీ మరిది ఫెర్మీన్ మనుషులతో వచ్చి సంచి లాక్కున్నాడు. నువ్వు ఏట్లో చచ్చినట్టే లెక్క, బతికున్నట్టు ఎక్కడైనా కనపడితే హుహుయ్ ఊళ్ళో ఉన్న నీ పెళ్ళాం నిజంగానే విధవ అవుతుంది అన్నాడు. నా గుర్రాన్ని కాల్చి నీళ్ళలోకి తోశారు. ఏడాదిగా వేరే పేరుతో కట్టెలు కొట్టుకుంటున్నాను. మీ ఆయన్ని సంకెళ్ళతో తీసుకెళ్ళారని మొన్ననే విన్నాను. అన్నం సయించడం లేదు.'"

ఆమె చదవడం ఆపి కాగితం కొంచెం దించింది. ఏడాది పాటు చర్చిలో ఆడవాళ్ళు ఆమె పక్కన కూర్చోకుండా జరిగి కూర్చున్నారు. ఒక మనిషిని ఏట్లోకి తోసి చంపినవాడి పెళ్ళాం అన్నారు. ఆమె కూడా, ఒంటరిగా ఉన్న కొన్ని పూటల్లో, అన్సెల్మో తొందరపడ్డాడేమో అనుకుంది. అలా అనుకున్నందుకు ఇప్పుడు ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. కళ్ళెం పట్టుకుని మరీ ఆపాడట!

"'చేత్తో పంపితే ఈ ఉత్తరం మీదాకా రాదు,'" అని మళ్ళీ అందుకుంది. "'దారి పొడుగునా మీ మరిది మనుషులున్నారు. రాజు సంచిలో పడ్డ ఉత్తరం మీద వాళ్ళు చెయ్యి వెయ్యలేరు. కొర్దోబా టపా కచేరీలో తేలి, లెక్కలో ఎక్కి, సీలు పడి మీకొస్తుంది. అందుకని రౌతు మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసి పట్టీ కోస్తాను. అతన్ని ఏమీ అనకండి.'"

"అబద్ధం!" ఫెర్మీన్ అరిచాడు. "చచ్చినవాడు రాస్తాడా? ఎవడో దొంగవెధవ రాసి పడేశాడు!"

"మరి నువ్వు మేకలు ఈనాయని ఎందుకు చదివావురా?" అంది పెట్రొనీలా. మరిదిని 'రా' అనడం ఆమెకి అదే మొదటిసారి. "రెండుసార్లు చదివావు. రెండూ రాసుకున్నారు. తప్పు చెయ్యనివాడికి మేకలతో పనేంటి?"

ఆమె పక్కన సిరియాకో బొమ్మలా నిలబడి ఉన్నాడు. అతని మంచి కంట్లో నీళ్ళు తిరిగాయి. బల్తసార్ టోపీ నెత్తిన పెట్టుకుని, ఫెర్మీన్ మనుషుల నుంచి రెండడుగులు దూరంగా జరిగాడు. ఆ నలుగురూ కూడా తుపాకులు భుజాల మీంచి దించి నేలకి ఆనించారు.

గెలిచాను అనుకుంది పెట్రొనీలా. ఏడాదిలో మొదటిసారి ఊపిరి కడుపు దాకా వెళ్ళినట్టనిపించింది.

అయితే ఫెర్మీన్ భయపడడం లేదు. అరిచాడు, చెమటలు కక్కాడు. కానీ ఇప్పుడు అతని చూపు కుర్చీలో ఉన్న దొర మీద ఉంది. శిక్ష పడబోయేవాడు బతిమాలుకుంటూ చూసే చూపు కాదు అది. తాను చెయ్యాల్సింది చేసి, ఇక నీ వంతు అని సాటివాడి కోసం కాచుకుని ఉన్న చూపు.

కెసాదా గుమాస్తా కలం మీద చెయ్యి వేశాడు. "ఇది రాయకు" అన్నాడు.

గుమాస్తా కలం కింద పెట్టాడు.

"చాలమ్మా," అన్నాడు కెసాదా. గొంతు అంతే నెమ్మదిగా ఉంది. "చాలా గొప్ప సంగతి బయటపెట్టావు. ఆ కాగితం ఇలా ఇవ్వు. మిగతాది నేను చూసుకుంటాను."

"వెనకవైపు ఇంకా ఉంది దొరా."

"వెనకది కూడా నేనే చూస్తాను."

ఆమె అప్పటికే తిప్పింది. అవతలి పేజీలో అక్షరాలు ఇంకా చిన్నవిగా, కాగితం సరిపోదన్న కంగారులో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఆమె ఈసారి పైకి చదవలేదు. పెదవులు కూడా కదలనివ్వలేదు.

'సంచి కోసం మీ మరిది ఒక్కడే రాలేదు. బ్యూనస్ ఐరిస్ నుంచి వచ్చిన దొర ఒకాయన గుర్రం మీదే కూర్చుని సంచి విప్పించాడు. దారి పొడుగునా మజిలీదారులు తన మీద వైస్రాయిగారికి రాసుకున్న ఫిర్యాదులన్నీ ఏరించి అక్కడే కాల్పించాడు. మిగతా ఉత్తరాలతో సంచిని పాతిపెట్టమన్నాడు. పాతిపెట్టిన చోటు నేను చూశాను. అమ్మగారూ, ఆయన ఇప్పుడు మజిలీలు తనిఖీ చేస్తూ ఇటే వస్తున్నాడని విన్నాను. మీ వాకిట్లోకి వస్తే ఈ కాగితం మాత్రం ఆయన కంట పడనివ్వకండి. ఆయన పేరు ఇలారియో కెసాదా.'

కుర్చీ కిర్రుమంది. దొర లేచినట్టున్నాడు. ఆయన నీడ ఉప్పు దుమ్ము మీద పాకుతూ వచ్చి ఆమె పాదాలని తాకింది.

"ఏవమ్మా, ఆగిపోయావే? ఏముంది అందులో?"

చదవడం రాదని చెప్పే దారిని ఆమె ఇందాకే, అందరి ఎదుటా, తనంతట తనే మూసేసుకుంది. ఫెర్మీన్ తాళాల గుత్తిని వేలికి తగిలించుకుని నెమ్మదిగా తిప్పుతున్నాడు. ఆ తాళాలు అతని దగ్గరే ఉండిపోతే నష్టపోయేది తనొక్కతే కాదు, చాకో కోటకి సిరియాకో నడవాలి, అతని తమ్ముళ్ళు నడవాలి. అన్సెల్మో మాంటెవిడియో సంకెళ్ళలోనే ఉండిపోతాడు.

ఆమె గొంతు సవరించుకుంది.

"'దీనికి నకలు ఇంకొకటి రాశాను'" అని చదివింది. కాగితం మీద అలాంటి మాట ఎక్కడా లేదు. "'అది పది రోజుల కిందటే వేరే దారిన, నమ్మకమైన మనిషి చేతికిచ్చి, వైస్రాయిగారికి పంపించాను. అందులో అందరి పేర్లూ ఉన్నాయి.'"

తాళాల చప్పుడు ఆగింది.

కెసాదా ఆమె ముందుకి వచ్చి నిలబడ్డాడు. దగ్గరగా చూస్తే ఆయన కళ్ళు లేత గోధుమరంగులో ఉన్నాయి. వాటిలో ఏ తొందరా లేదు. ఆయన రెండు వేళ్ళతో కాగితం పై అంచు పట్టుకున్నాడు.

"ముందు పేజీ తడుముకుంటూ చదివావు" అన్నాడు ఆమెకి మాత్రమే వినపడేట్టు. "ఈ రెండు మాటలూ గడగడా చదివేశావు. ఎందుకమ్మా?"

ఆమె కాగితాన్ని తన వైపు లాక్కోబోయింది.

"వదులు" అన్నాడు కెసాదా.

పెట్రొనీలా కాగితం కింది అంచుని పిడికిట్లోకి తీసుకుని, బిగించింది.